రెండు డబ్బాల చేదు పొడి

ఫ్రిజ్ తలుపులోంచి తీసిన ఇన్సులిన్ సీసాని సబ్ ఇన్‌స్పెక్టర్ సౌరభ్ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. సగానికంటే తక్కువే మిగిలింది అందులో.

"ఇది ఎవరిది?" అనడిగాడు హిందీలో.

"నాదే బాబూ," అంది నూకమ్మ. "నాకూ సుగరే కదా. పొద్దుటా సాయంత్రం నానే పొడుసుకుంతాను."

"మీరు పొడుచుకున్నది ఎంతో, మీ ఆయనకి పొడిచింది ఎంతో ఈ సీసా చెప్పదు కదా."

 బర్మామైన్స్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో, మొగుడు తెలివి తప్పిన మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది నూకమ్మ. మంచం పట్టీ మీద శామ్సన్ కూర్చున్నాడు. రైల్వే పోలీసులో పాతికేళ్లు చేసి, ఉద్యోగం మానుకుని, సాక్చీలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. సౌరభ్ రావడానికి కాస్త ముందే వచ్చాడు. ఒకరినొకరు చూసి ఇద్దరూ సంతోషించలేదు.

నూకమ్మ మొగుడు సూర్యప్రకాష్ కారఖానాలో క్రేన్ నడిపి రిటైరైనవాడు. చాలా ఏళ్లుగా షుగరు. ఆర్నెల్ల కిందట ఇన్సులిన్ పూర్తిగా మానేసి, తిండితోనే షుగరు తగ్గించుకుంటానన్నాడు. తగ్గించుకున్నాడు కూడా. పోయిన వారం మూడు రోజుల ఉపవాసం మొదలుపెట్టాడు. మూడో రోజు తెల్లారి నూకమ్మ లేపితే లేవలేదు. ఒళ్లంతా చెమట, పరుపు తడిసిపోయింది. ఆస్పత్రిలో చూస్తే రక్తంలో షుగరు దాదాపు లేనట్టే ఉంది. మళ్లీ తెలివి రాకుండానే పోయాడు. ఇన్సులిన్ మానేసిన మనిషికి షుగరు అంతలా ఎలా పడిపోయింది? ఆ ప్రశ్నకి సౌరభ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఇంట్లో ఇన్సులిన్ ఉంది, తిండి గురించి మొగుడితో రోజూ గొడవపడే భార్య ఉంది.

"సౌరభ్ బాబూ, నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది వినలేదా?" అన్నాడు శామ్సన్.

సౌరభ్ తాత బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాడు. మనవడికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తాడు. "విన్నాను అంకుల్. మీరు ఎలా విన్నారో అదే చూడాలి."

"మన క్లోమం ఇన్సులిన్ తయారు చేసినప్పుడు దానికి జతగా ఇంకో పదార్థాన్ని కూడా రక్తంలోకి వదుల్తాది. సీసాలో మందుకి ఆ జత ఉండదు. సూర్యప్రకాష్ రక్తంలో ఆ జత బోలెడుంది. అంటే సూదితో ఎక్కింది కాదు. ఆయన ఒంట్లోంచే వచ్చింది. తిండి లేని మనిషి క్లోమం అంత ఇన్సులిన్ ఊరికే కక్కదు. ఏదో మాత్ర కక్కించింది."

"మాత్రయితే ఇంకా సులువు. నీళ్లలో కలిపెయ్యొచ్చు. ఇంట్లో ఉన్నది ఈవిడొక్కతే." సౌరభ్ సీసాని సంచిలో వేసి కట్టాడు. "ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మిమ్మల్ని ఈ కేసులోకి పంపింది ఎవరు?"

 "విల్సన్ మాస్టారు."

"మీరు ఆయన గుంపులో మనిషే కదా? మీ భార్య కూడా. ఆయనకి మచ్చ రాకుండా చూడ్డానికి వచ్చిన మీరు నాకు దర్యాప్తు నేర్పుతున్నారు. ఇది రైలు పెట్టెలో జేబుదొంగని పట్టడం కాదు అంకుల్."

చెంప మీద కొట్టినట్టయింది శామ్సన్‌కి. అందులో అబద్ధం ఏమీ లేదు కాబట్టి మరీ మండింది. విల్సన్ మాస్టారు బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవారు. ఆయన నడిపే గుంపు పేరు 'చేదే మందు'. ఫోనులో రెండొందల మంది, ఆదివారం ప్రార్థన అయ్యాక భాలుబాసాలో ఆయన ఇంట్లో నలభై యాభై మంది. అన్నం మానెయ్యడం, గుడ్లు నెయ్యిలో వేయించుకోవడం, కాఫీలో కొబ్బరినూనె, పదహారు గంటల ఉపవాసం, కొవ్వు మంచిదా పిండి చెడ్డదా అన్న వాదనలు. రూపాయి బిళ్లంత సెన్సారు జబ్బకి అంటించుకుని, షుగరు గీత ఎలా నడిచిందో పొద్దున్నే గుంపులో పెట్టుకోవడం. అన్నిటికీ తోడు మాస్టారిచ్చే చేదు పొడి. కాకరకాయ, మెంతులు, నేరేడు గింజలు. అంతే. రెండేళ్లలో శామ్సన్ నడుం నాలుగు అంగుళాలు తగ్గింది. షుగరు మాత్రలు మానేశాడు. షుగరు తగ్గిందన్న రిపోర్టు చేతిలో పట్టుకుని మాస్టారి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత భార్య మోనికాని కూడా తనే చేర్పించాడు. నిన్నటి నుంచి మోనికా నది అవతల ఆదిత్యపూర్‌లో, మాస్టారు పెట్టిన మూడు రోజుల ఉపవాస శిబిరంలో ఉంది.

"నువ్వూ ఆళ్ల మనిసివే కదా," అంది నూకమ్మ, సౌరభ్ మాటని అందుకుని. "నీకు సెప్పి లాబం ఏటి?"

"చెప్పమ్మా. వినడానికే వచ్చేను."

"ఆ రెండ్రోజులూ నా సేతి మంచినీళ్లు కూడా తాగనేదు ఆయన. బిందె ఏరు, గలాసు ఏరు. నాను అన్నం ఒండిన సెయ్యంట, నా సెయ్యి తగిల్తే మనసు సెడిపోద్దంట. మాస్టారిచ్చిన పొడి, గోరెచ్చ నీళ్లు, అంతే పడింది కడుపులో. ఇంక నానేటి కలుపుతాను, ఎందులో కలుపుతాను?"

"మరి సెన్సారు మోగలేదా? షుగరు పడిపోతే ఫోను మోగాలి కదా."

"మోగకుండా కట్టేసినారు. మాస్టారే కట్టీమన్నారంట. అది బెదరగొడతాదంట."

అది నిజమే. శామ్సన్ ఫోనులో కూడా ఆ మోత కట్టేసి ఉంది.

అతను జేబులోంచి ఫోను తీసి గుంపులో సూర్యప్రకాష్ పెట్టిన గీతలు వెనక్కి జరిపాడు. ప్రతి రోజూ ఒకటే తీరు. పొద్దున్న పొడి తాగిన కాసేపటికి గీత కిందికి దిగడం. తిన్న రోజూ దిగింది, తినని రోజూ దిగింది. ఒక్క చోట మాత్రం రెండు రోజులు గీత పైపైకి వెళ్లి అక్కడే నిలబడింది. ఆ రెండు రోజులు సూర్యప్రకాష్ రౌర్కెలాలో మేనకోడలి పెళ్లిలో ఉన్నాడు. అప్పుడు గుంపంతా ఆయన మీద పడింది. పెళ్లి భోజనం కనబడగానే నాలుక కట్టుకోలేకపోయాడని అందరికంటే ముందు రాసింది శామ్సనే.

"రౌర్కెలా పెళ్లిలో ఏం తిన్నాడమ్మా?" అనడిగాడు.

"ఏటి తింతారు? ఇంటికాణ్నుంచి ఉడకబెట్టిన గుడ్లు కట్టుకెల్లినారు. పెల్లోరు నవ్వినారు. మా ఆడపడుసు ఏడిసింది, నా ఇంట్లో మెతుకు ముట్టనేదని. అక్కడా గుడ్లే తిన్నారు బాబూ, నా కల్లతో నాను సూసినాను."

"పొడి?"

"అదే మర్సిపోనారు. రైలెక్కినాక గుర్తొచ్చింది. దార్లో అంతా అదే గోల."

శామ్సన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తిండి మారలేదు. మారింది పొడి ఒక్కటే.  ఈ గదిలోకి వచ్చేటప్పుడు పొడి గురించి ఆలోచించకూడదని తనకి తెలియకుండానే ఒట్టు పెట్టుకుని వచ్చాడేమో అనిపించింది.

లేచి నిలబడ్డాడు. "ఈవిణ్ణి మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంచు. స్టేషన్‌కి తీసుకెళ్లకు."

"మీరు ఎక్కడికి?"

"మాస్టారింటికి."

"కాపాడడానికా, పట్టుకోడానికా?" అన్నాడు సౌరభ్.

శామ్సన్ చెప్పులేసుకుని బయటికి నడిచాడు. వీధి మలుపు తిరిగాక వెనక పోలీసు జీపు చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు.

*

భాలుబాసాలో మాస్టారి ఇంటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. బాలకుమారి వంటింట్లో మూకుట్లో మెంతులు వేపుతోంది. మాస్టారి భార్య. ఒక ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. శామ్సన్‌కి వరసకి అక్క కాదు, అయినా ఇరవై ఏళ్లుగా అక్కే.

"రా తమ్ముడూ. మాస్టారు శిబిరంలో ఉన్నారు కదా."

"తెలుసక్కా. నీతోనే పని."

"కాఫీ పెట్టనా? నూనె కాఫీయే."

"వద్దు. నీ వంటిల్లు చూడాలి."

గరిటె ఆగింది. "వంటింట్లో ఏముంటాది చూడ్డానికి?"

అతను అప్పటికే చూస్తున్నాడు. కిటికీలో చాట నిండా ఎండిన కాకరకాయ చక్రాలు. గట్టు మీద మిక్సీ. పక్కన రెండు స్టీలు డబ్బాలు. ఒకటి పెద్దది, గుంపు కోసం. రెండోది పొట్టిది, మూత మీద ఎర్ర రంగుతో మాస్టారి పేరు. రెండూ తెరిచి వాసన చూశాడు. రెండిట్లోనూ అదే చేదు, అదే ఆకుపచ్చ గోధుమ రంగు. బియ్యం డబ్బా లేదు. బెల్లం లేదు. పంచదార మాట ఈ ఇంట్లో నవ్వడానికి తప్ప వాడరు.

స్టూలు ఎక్కి పై అరలో చెయ్యి పెట్టాడు. ఎండుమిరపకాయల సీసా వెనక కాగితం అట్టపెట్టె తగిలింది. కిందికి దించాడు. గ్లూకోజ్ పొడి. విప్పి ఉంది. లోపల చెంచా కూడా ఉంది.

"ఇదేటక్కా?"

"ఎండలకి ఎవరైనా వస్తే నీళ్లలో కలిపిత్తాను."

"ఈ ఇంట్లో ఎవరికైనా తీపి నీళ్లిచ్చేవా నువ్వు? మాస్టారు చూస్తే ఊరుకుంటారా?"

ఆమె స్టవ్ ఆపింది. శామ్సన్ పడకగదిలోకి వెళ్లాడు. రెండు మంచాలు, మధ్యలో చిన్న బల్ల. బాలకుమారి వైపు సొరుగు లాగాడు. అందులో ఇంకో గ్లూకోజ్ పొట్లం, పక్కన నిండు నీళ్ల సీసా, షుగరు చూసే చిన్న యంత్రం. తిరిగి వచ్చేసరికి ఆమె అక్కడే నిలబడి ఉంది. మూకుడు లోంచి మాడు వాసన వస్తోంది.

"పడుకునే చోట గ్లూకోజ్ పెట్టుకునేది ఎవరో నాకు తెలుసు," అన్నాడు. "మా నాన్నకి ఇన్సులిన్ ఇచ్చినన్నాళ్లూ మా అమ్మ పెట్టుకుంది. మందు ఎక్కువై షుగరు పడిపోతాదేమో అన్న భయం ఉన్నవాళ్లు పెట్టుకుంటారు. మాస్టారు ఏ మందూ వాడరు కదక్కా. నువ్వు దేనికి భయపడుతున్నావు?"

"నర్సుని. అలవాటు."

"సూర్యప్రకాష్ కడుపులో పొడి తప్ప ఏమీ లేదు. ఆయన రక్తంలో మాత్ర చేసే పని కనబడింది. రౌర్కెలాలో పొడి లేని రెండు రోజులూ ఆయన షుగరు దిగలేదు. నూకమ్మని ఇవాళ జైలుకి పంపుతారు. చెప్పక్కా. పొట్టి డబ్బాలో ఏముంది?"

బాలకుమారి గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.  మాట్లాడడం మొదలుపెట్టాక ఆగలేదు.

"మూడేళ్ల కిందట మాత్రలన్నీ తీసుకెళ్లి ఖర్కాయి నదిలో పారేసి వచ్చేరు. తిండే మందు అన్నారు. తిండి మార్చేరు, కాదనను. బరువు తగ్గేరు. కానీ ఆయన షుగరు దిగలేదు తమ్ముడూ. నాలుగొందలు. కాలి మీద పుండు మానట్లేదు. అలాంటి కాళ్లకి నేనెన్ని కట్లు కట్టేనో, ఎన్ని తీసేయడం చూసేనో నాకు తెలుసు. మాత్ర వేసుకోండని కాళ్లు పట్టుకున్నాను. నీకు విశ్వాసం లేదన్నారు. అందుకని ఆయన వేసుకునే మాత్రే నూరి పొట్టి డబ్బాలో కలిపేను. రోజుకి ఎంత పడాలో లెక్క కట్టి కలిపేను. రాత్రి రెండు మూడు సార్లు లేచి ఆయన నుదురు తడిమి చూసుకునేదాన్ని, చెమట పట్టిందేమోనని."

"పుండు మానింది."

"మానింది. ఆయన మోకాళ్ల మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పేరు. పక్కన నేనూ మోకరించేను. ఏమని చెప్పమంటావు అప్పుడు? అది పొడి కాదండీ, నేను కలిపిన మాత్ర అని చెప్తే మళ్లీ మానేస్తారు, మళ్లీ పుండు పడతాది. ఊరుకున్నాను. తర్వాత గుంపు పెట్టేరు. జనం రాసాగేరు."

శామ్సన్ స్టూలు మీద కూలబడ్డాడు. రెండేళ్లుగా తను మెచ్చుకున్నది, నమ్మింది, ఇంటింటికీ తిరిగి చెప్పింది ఒక ఆడమనిషి భయం నుంచి పుట్టిన మాత్ర. "మరి మాకందరికీ ఎందుకు కలిపేవక్కా? పెద్ద డబ్బాలో?"

ఆమె తలెత్తి చూసింది. "పెద్ద డబ్బాలోనా?"

"అందులోంచే కదా మా అందరికీ పొట్లాలు."

"ఏసయ్య సాక్షి. పెద్ద డబ్బా నేను వేపి, మిక్సీ వేసి ఇవ్వడమే. ఇంకొకరి ఒంట్లో ఎంత షుగరో తెలీకుండా మాత్ర కలుపుతానా? నేనేమన్నా తెలివితక్కువదాన్నా? అది ఆయనే తీసుకెళ్లి గదిలో పొట్లాలు కడతారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  పెద్ద డబ్బాలో ఏమీ లేకపోతే సూర్యప్రకాష్ షుగరు దిగకూడదు. శామ్సన్‌దీ దిగకూడదు.

"ఏ గది?" అన్న గొంతు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. సౌరభ్ ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలీదు. చేతిలో టోపీ ఉంది.

"వెనకాల. ప్రార్థన గది," అంది బాలకుమారి. "తాళం ఆయన దగ్గరే ఉంటాది. ఎవరూ వెళ్లరు. నేను కూడా వెళ్లను."

సౌరభ్ శామ్సన్ వైపు చూశాడు. తాళం పగలగొట్టాలంటే పైఅధికారి కాగితం కావాలని అనబోతున్నట్టున్నాడు. అతను అనేలోపు బాలకుమారి లేచింది. గట్టు మీద ఉన్న రుబ్బురోలు పొత్రం రెండు చేతులా ఎత్తుకుని, వెనక వసారాలోకి నడిచి, తాళం మీద కొట్టింది. మూడో దెబ్బకి గొళ్లెం ఊడి వచ్చింది.

లోపల మోకరించడానికి చాప లేదు. ఒక బల్ల ఉంది. బల్ల మీద చిన్న తరాజు, ఖాళీ పొట్లాలు, బడి ల్యాబులో ఉండే తెల్ల పింగాణీ కల్వం. కల్వం లోపలి గీతల్లో తెల్లటి పిండి ఇరుక్కుని ఉంది. బల్ల కింద ఆస్పత్రులకి సప్లై చేసే పెద్ద ప్లాస్టిక్ డబ్బా. మూత తిప్పితే చిన్న చిన్న తెల్ల మాత్రలు, సగం దాకా.

బాలకుమారి డబ్బా ఎత్తి కళ్లకి దగ్గరగా పెట్టుకుని పేరు చదివింది. మళ్లీ చదివింది.

"నేను వాడేదే," అంది. "అదే మాత్ర. అదే పవరు."

సౌరభ్‌కి అర్థం కాలేదు. శామ్సన్‌కి అయింది. షుగరు మాత్రల్లో ఎన్నో రకాలున్నాయి. వాటన్నిట్లోంచి ఇదొక్కటే ఏరి తెచ్చాడంటే, పొట్టి డబ్బాలో ఏం కలుస్తోందో మాస్టారికి తెలిసిపోయిందన్నమాట. కెమిస్ట్రీ చెప్పిన మనిషి. చేదులో తెల్ల నలుసు కనిపెట్టి ఉంటాడు. తెలిశాక భార్యని అడగలేదు. కోప్పడలేదు. మానెయ్యలేదు. తనకి పనిచేసిందే అందరికీ పోశాడు.

"రోజూ నా చేత్తోనే తాగేవారు," అంది బాలకుమారి డబ్బా మూత మూస్తూ.  "గ్లాసు ఇచ్చి, ఈ పాపం నన్ను క్షమించు ప్రభువా అనుకునేదాన్ని. ఆయన నాకేసి చూసి నవ్వేవారు. ఎంత మంచి మనిషి, ఇంత నమ్ముతున్నాడు నన్ను, అనుకునేదాన్ని. తెలిసే నవ్వేరన్నమాట. ఎన్నాళ్లనుంచి తెలుసో."

శామ్సన్ ఆమె చేతిలోంచి డబ్బా అందుకున్నాడు.  మాస్టారు తనని పిలిచి, "మన వాళ్ల పేరు పోకుండా చూడు తమ్ముడూ, నీకంటే నాకెవరున్నారు," అన్నప్పుడు భుజం మీద వేసిన చెయ్యి గుర్తొచ్చింది. నిజం తేల్చేవాణ్ణి కాదు ఆయన వెతుక్కున్నది. ఎంత చెప్పినా పొడి వైపు చూడనివాణ్ణి వెతుక్కున్నాడు. సరిగ్గా ఏరుకున్నాడు.

"శిబిరంలో ఎంతమంది?" అనడిగాడు సౌరభ్.

శామ్సన్ ఫోను తీశాడు. "ఇరవై నాలుగు మంది. నిన్న పొద్దున్నుంచి నీళ్లు తప్ప ఏమీ లేదు. పొడి మాత్రం ఉంటాది."

*

మోనికా నెంబరుకి చేశాడు. ఎత్తింది మాస్టారు. శిబిరంలో ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించి తన దగ్గర పెట్టుకుంటారు.

"చెప్పు శామ్సన్."

"మాస్టారూ, మోనికాకి ఇవ్వండి."

"మౌనంలో ఉన్నారు తమ్ముడూ అందరూ."

"నేను మీ వెనక గదిలో ఉన్నాను. కల్వం నా ముందుంది. అక్క కూడా ఉంది."

 అవతల దూరంగా ఎవరో దగ్గారు. మాస్టారి గొంతు మళ్లీ వచ్చినప్పుడు మెత్తగానే ఉంది, బడిలో పాఠం చెప్పినట్టే.

"నీ రిపోర్టు చేతిలో పట్టుకుని నువ్వు నా ముందు ఏడిచేవు. గుర్తుందా? ఆ రోజు అడిగేవా, పొడిలో ఏముందని?"

"మీరు చెప్పేరు కదా. కాకర, మెంతులు, నేరేడు."

"అలా చెప్పేను కాబట్టి అన్నం మానేవు. అలా చెప్పేను కాబట్టి పొద్దున్నే లేచి నడిచేవు. మాత్ర అని చెప్తే ఈ రెండొందల మందిలో ఒక్కడు మారేవాడా? జనానికి నమ్మకం కావాలి తమ్ముడూ. నేనిచ్చింది నమ్మకం. మాత్ర దానికి ఊతం."

"సూర్యప్రకాష్ చచ్చిపోయాడు మాస్టారూ."

"అతను రెండు చెంచాలు వేసుకున్నాడు. నేను ఒకటే చెప్పేను."

"ఉపవాసంలో ఒకటి కూడా ఎక్కువే అని మీకు తెలుసు. తెలిసీ ఇవాళ మళ్లీ ఇచ్చేరా?"

"ఆపితే షుగరు పెరుగుతాది. పెరిగితే ఉపవాసం మీదే నమ్మకం పోతాది." మాస్టారు ఫోను పక్కకి పెట్టి ఎవరినో పిలిచారు. "మోనికమ్మా, మీ ఆయన. మాట్లాడు. నేను కాదనను."

 మోనికా మాట కాస్త ముద్దగా ఉంది.

"ఏటండీ స్టెఫీ డాడీ? ఇక్కడ ఫోన్లు మాట్లాడకూడదు."

"మోనీ, చెప్పేది విను. ఆ పొడిలో షుగరు మాత్ర ఉంది. మీ అందరికీ షుగరు పడిపోతాది. వెంటనే ఏదో ఒకటి తీపి తిను. పంచదార, బెల్లం, టీ, ఏది దొరికితే అది. అందరికీ చెప్పు."

ఆమె నవ్వింది. "మాస్టారు పొద్దున్నే చెప్పేరు. రెండో రోజు మన ఇంటివాళ్లే ఎవరో ఫోన్ చేసి చెడగొడతారని. కానీ మీరు చేస్తారనుకోలేదు."

"నేనే చెప్తున్నాను కదా. నా మాట నమ్మవా?"

"పంచదార విషం అని చెప్పిందీ మీరే కదండీ. మన ఇంట్లో డబ్బా తీసి మోరీలో పోసింది మీరే. నేను రానంటే చెయ్యి పట్టుకుని తెచ్చింది మీరే." ఆమె ఊపిరి తీసుకుంది. "చేతులు వణుకుతున్నాయి నాకు. వణుకు వస్తే కొవ్వు కరుగుతున్నట్టంట. బాగా అవుతోంది, ఇంకో చెంచా తాగమన్నారు. ఇప్పుడే తాగేను. మధ్యలో వదిలేసి రమ్మనకండి. నాకు కోపం వస్తాది."

"మోనీ."

ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. మాస్టారి నెంబరు కూడా అంతే.

సౌరభ్ అప్పటికే జీపులో కూర్చుని వైర్‌లెస్‌లో మాట్లాడుతున్నాడు. శామ్సన్ పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి అతని మొహం చిరాగ్గా ఉంది. "నది ఆ ఒడ్డు నా జిల్లా కాదు. అక్కడి ఠాణాకి చెప్పాను, జీపు బయట ఉందంటున్నారు. అంబులెన్సులు అడిగాను, వస్తాయి." జీపు స్టార్ట్ చేశాడు. "ఎక్కండి అంకుల్. తర్వాత నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను."

బాలకుమారి వచ్చింది. ఒక చేతిలో గ్లూకోజ్ పెట్టే, పొట్లమూ, ఇంకో చేతిలో పాత నర్సు సంచి. ఎవరినీ అడగకుండా వెనక సీటులో ఎక్కింది. "తెలివి తప్పినోళ్లకి నోట్లో పోయకూడదు. నరంలోకి ఎక్కించాలి. దారిలో మందుల షాపు దగ్గర ఆపు బాబూ, గ్లూకోజ్ సెలైన్ కావాలి."

జీపు కదిలింది. శామ్సన్ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాక్చీ దాటేసరికి అది మోగింది. తెలియని నెంబరు. ఎత్తితే ఆడగొంతు, గుసగుసగా, ఆయాసంతో. శిబిరంలో మోనికా పక్కన పడుకునే సూర్యకాంతం. కదమాలో టైలరింగు చేస్తుంది, గుంపులో కొత్త మనిషి.

"శామ్సన్ గారా? వాచ్‌మన్ ఫోనులోంచి చేత్తన్నాను, మోనికక్క సంచిలో మీ నెంబరు దొరికింది. మోనికక్క మీతో మాట్లాడి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు చూత్తే పక్కకి ఒరిగిపోయింది. పిలిస్తే పలకట్లేదు. ఒళ్లంతా చెమట. అవతల ఇద్దరు ముసలోళ్లు కూడా అలాగే ఉన్నారు."

"ఆవిడ నాలుక కింద పంచదార రాయండి. బుగ్గ లోపలికి. నీళ్లు పొయ్యకండి. వింటున్నారా?"

"ఎలా రాయనండీ? మాస్టారు దగ్గరే కూర్చున్నారు, ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "లేపొద్దంటున్నారు. లోపల శుద్ధి జరుగుతోందంట."